సాలీడు కాటు: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో ఉండేవారి కోసం రాసిన పేజీ ఇది. ముందే ఒక మాట. మన దగ్గర "సాలీడు కరిచింది" అని చూపించే పుండ్లలో ఎక్కువ భాగం సాలీడు చేసినవి కావు. అందుకే ఇక్కడ సాలీళ్ల గురించి ఎంత ఉందో, సాలీడు మీదకు నెట్టేసే వేరే జబ్బుల గురించి కూడా దాదాపు అంతే ఉంది. ఊపిరి అందకపోవడం, కనురెప్పలు వాలిపోవడం, ముఖం, నాలుక ఉబ్బడం ఉంటే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

మన చుట్టుపక్కల మనిషికి హాని చేసే సాలీళ్లు ఉన్నాయా?

ఉన్నాయి గానీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ప్రపంచంలో 50 వేలకు పైగా సాలీడు జాతులకు శాస్త్రవేత్తలు పేర్లు పెట్టారు. ఒకటి రెండు కుటుంబాలు తప్పిస్తే అన్నింటికీ విషగ్రంథులు ఉంటాయి. ఆ విషం ఈగల్ని, దోమల్ని, బొద్దింకల్ని పడగొట్టడానికి. చాలావాటి కోరలు మన చర్మంలోకి దిగనే దిగవు. దిగినా లోపలికి వెళ్లిన విషం మనిషిని ఏమీ చేయలేనంత తక్కువ. ప్రాణం తీయగల ఫనెల్‌వెబ్ సాలీడు ఆస్ట్రేలియాది, ఫోన్యూట్రియా దక్షిణ, మధ్య అమెరికాలది. యూట్యూబ్‌లో చూసి భయపడేవాళ్లు ఈ రెండింటినీ పక్కన పెట్టేయొచ్చు.

మనం ఆలోచించాల్సినవి రెండు రకాలు. మొదటిది విడో సాలీళ్లు, అంటే లాట్రోడెక్టస్. పొట్ట బఠాణీ గింజంత గుండ్రంగా నిగనిగలాడుతూ ఉంటుంది, కాళ్లు సన్నగా ఉంటాయి, పొట్ట అడుగున ఎర్రగా గానీ నారింజ రంగులో గానీ డమరుకం ఆకారపు మచ్చ కనిపిస్తుంది. వీటిలో రెడ్‌బ్యాక్, బ్రౌన్ విడో మన దేశంలో నమోదయ్యాయి. నేలకు దగ్గరగా, వరస లేకుండా అల్లిన గట్టి దారాల మధ్య తలకిందులుగా వేలాడతాయి. మనల్ని కరిచేది ఆడదే. మగది చాలా చిన్నది, దాని కోరలు మనకు ఎక్కవు.

రెండోది చెట్టు తొర్రల్లో ఉండే టరంటులాలు, పోయెసిలోథీరియా ప్రజాతివి. బూడిద, తెలుపు, నలుపు చారలు, ముందు కాళ్ల అడుగున పసుపు రంగు. తూర్పు కనుమల అడవుల్లో ఉంటాయి. ఈ ప్రజాతిలో అందమైన నీలిరంగుది, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికి 1899లో శాస్త్రలోకానికి పరిచయమైన పోయెసిలోథీరియా మెటాలికా, మన రాష్ట్రానిదే. కానీ అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిది. విశాఖలో నీలంగా ఏదైనా కనిపిస్తే అది కాదు.

బాత్రూం గోడ మీద అరచేయంత సాలీడు ఉంది. కరిస్తే ఏమవుతుంది?

బల్లపరుపుగా, గోధుమరంగులో, కాళ్లు పీతలా పక్కలకు చాపుకుని ఉందంటే అది హంట్స్‌మన్. గూడు అల్లదు, రాత్రి బొద్దింకల్ని వేటాడుతుంది. ఆడది ఒక్కోసారి రూపాయి బిళ్లంత తెల్లటి గుడ్ల సంచిని పొట్ట కింద పట్టుకుని తిరుగుతుంది. ఆ సమయంలో చెయ్యి తగిలితే కరుస్తుంది. కందిరీగ కుట్టినంత నొప్పి, కొంచెం వాపు వస్తాయి, కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. చీపురుతో కొట్టే బదులు దాని మానాన వదిలేయడం, మరీ భయమైతే తలుపు తీసి బయటికి తోలేయడం మేలు. ఎందుకంటే అది ఉన్న ఇంట్లో బొద్దింకలు తగ్గుతాయి.

సీలింగ్ మూలల్లో వణికే పొడుగు కాళ్ల సాలీళ్లు, కిటికీ మీద గెంతే చిన్నవి, తోటలో గూటి మధ్య ఇంటూ గుర్తులా కాళ్లు పెట్టుకుని కూర్చునేవి, కంబాలకొండలో, అరకు దారిలో చెట్ల మధ్య బంగారు రంగు దారాలతో పెద్ద గూడు కట్టేవి, వీటిలో ఏదీ ఆసుపత్రికి పంపేంత విషం ఉన్నది కాదు.

కరిచిన వెంటనే ఏం చేయాలి?

ముందు అక్కడి నుంచి పక్కకు జరగండి, పక్కబట్టలు దులపండి. కుట్టిన చోటును సబ్బు పెట్టి, కుళాయి నీటి కింద ఐదు నిమిషాలు కడగండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు వాపు రాకముందే తీసేయండి. వాపు వచ్చాక ఉంగరం రాదు, చివరికి కట్టర్‌తో కోయాల్సి వస్తుంది. ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీసేయండి. ఐసు నేరుగా చర్మానికి తగిలితే అదే ఇంకో పుండు చేస్తుంది.

తర్వాత బాల్‌పెన్నుతో ఎర్రదనం అంచు చుట్టూ గీత గీసి పక్కనే టైము రాయండి. గంటకోసారి చూడండి, ఫోన్‌తో ఫొటో తీయండి. ఎరుపు గీత దాటి ఎంత వేగంగా పాకుతోందన్నది డాక్టరుకు మీరు నోటితో చెప్పే వర్ణన కంటే ఎక్కువ పనికొస్తుంది.

నొప్పికి పారాసెటమాల్ చాలు. పెద్దలకు 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. మద్యం అలవాటు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి వేసుకోవాలి. పిల్లలకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములన్నమాట. తప్పు జరిగేది సిరప్ దగ్గరే. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సీసా అయితే 6 మిల్లీలీటర్లు పట్టాలి, 250 ఉన్న సీసా అయితే 3 మాత్రమే. సీసా మారి మూత కొలత మారకపోతే మందు రెట్టింపు పడుతుంది. కుట్టింది ఏదో తెలియనప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. అది పాము కాటే అయితే రక్తస్రావం పెరుగుతుంది.

ఏం చేయకూడదు?

తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, సున్నం, కిరోసిన్, పసుపు, నాటుమందు ఆకు పసరు పూయడం, వాత పెట్టడం. వీటిలో ఏదీ విషాన్ని బయటికి తీయదు. విషం నిమిషాల్లోనే లోపలి కణజాలంలోకి చేరుతుంది, మనం చేసే గాటు మాత్రం చీము పట్టడానికి దారి అవుతుంది. పైగా పసుపు, పసరు పూసిన పుండు అసలు రంగు కనపడదు. క్యాజువాల్టీలో మొదటి పని దాన్ని కడగడమే అవుతుంది, కడిగేటప్పుడు మళ్లీ నొప్పి.

పాముకాటుకు చేసినట్టు బిగుతుగా క్రేప్ బ్యాండేజ్ చుట్టడం కూడా వద్దు. ఆస్ట్రేలియాలో ఫనెల్‌వెబ్‌కి అలా కడతారు. విడో కాటులో ఆ ఒత్తిడి నొప్పిని పెంచుతుంది తప్ప మేలు చేయదు.

రాత్రి నిద్రలో ఏదో కుట్టింది, ఏమీ కనపడలేదు. పొద్దున చూస్తే చిన్న గాటు. సాలీడేనా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్లను అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్య కాటేసేది కట్లపాము. దాని కోరలు చిన్నవి, గాటు దోమ కుట్టినంతగా కూడా కనపడకపోవచ్చు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. "సాలీడో, జెర్రో అయ్యుంటుంది" అనుకుని మళ్లీ పడుకుంటారు. కొన్ని గంటల తర్వాత కడుపులో నొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టు ఉండటం, ఆపై రెప్పలు వాలడం, వస్తువులు రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి కండరాలు ఆగడం. పొద్దున టీ తాగేటప్పుడు బాగానే ఉన్న మనిషి పదింటికి మాట్లాడలేని స్థితికి వస్తాడు.

ఇంట్లో చేయగల పరీక్షలు మూడున్నాయి. తల కదపకుండా సీలింగ్ వైపు ఒక నిమిషం చూడమనండి, రెప్పలు కిందికి జారుతున్నాయా గమనించండి. దిండు మీద నుంచి తల పైకి లేపి ఐదు సెకన్లు నిలపమనండి. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో చూడండి. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే ఆ సంఖ్య తగ్గిందంటే ఆలస్యం చేయకూడదు. ఈ పరీక్షలు బయల్దేరే ముందో దారిలోనో చేసేవి, ఆసుపత్రికి బదులు కాదు. అన్నీ బాగున్నా, కుట్టింది ఏదో కళ్లారా చూడని రాత్రి కాటును ఆసుపత్రిలో 24 గంటలు గమనించాలి.

సాలీడు కాటుకి, కట్లపాముకి తేడా మనిషి తీరులోనే తెలిసిపోతుంది. విడో కరిచినవాళ్లు నొప్పితో మంచం మీద నిలవలేరు, చెమటతో తడిసిపోతారు, కేకలు పెడతారు. కట్లపాము కాటు పడినవాళ్లు నొప్పి లేదంటూ, నిద్ర వస్తోందంటూ కళ్లు మూస్తారు. ఈ రెండోవాళ్ల గురించి ఎక్కువ భయపడాలి.

చంకలోనో నడుము దగ్గరో నల్లటి పెచ్చు, చుట్టూ ఎరుపు, వారంగా జ్వరం. సాలీడు విషం ఎక్కిందా?

ఆ వర్ణన వినగానే డాక్టరుకు గుర్తు రావాల్సింది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనపడని మైట్ అనే పురుగు పిల్లలు (మంచంలో ఉండే నల్లి కాదు) కుట్టడం వల్ల ఓరియెన్షియా సుత్సుగాముషి అనే బ్యాక్టీరియా ఎక్కుతుంది. కుట్టిన వారం, పది రోజులకు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు. కుట్టిన చోట సిగరెట్టు ఆర్పినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అది నొప్పి పెట్టదు. ఉండేది చంక, గజ్జ, రొమ్ము కింద, చీర కుచ్చిళ్లు, లుంగీ బిగించే చోటు వంటి మరుగు ప్రదేశాల్లో. కొండల అంచున జీడితోటల్లో, పోడు పొలాల్లో పనిచేసేవాళ్లు, కట్టెలకు వెళ్లేవాళ్లు, అరకు వైపు గడ్డిలో కూర్చుని వచ్చిన పర్యాటకులు, ఎవరికైనా రావొచ్చు. వానల చివర నుంచి చలికాలం వరకు ఎక్కువ.

దీనికి మందు చవకే. పెద్దలకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, సాధారణంగా వారం రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. మందు పడకపోతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. మామూలుగా జ్వరాలకు ఇచ్చే సెఫలోస్పోరిన్ ఇంజెక్షన్లు దీని మీద పనిచేయవు. "సాలీడు కాటు" అన్న పేరు పెట్టి, పైపూత రాసి వారం గడిపేయడం వల్ల జరిగే నష్టం ఇదే. జ్వరం ఉన్న మనిషి ఒంట్లో నల్లటి పెచ్చు ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించండి. మీరు చూపించకపోతే బట్టల కింద ఉన్నది ఆయనకు కనపడదు.

పొద్దున లేచేసరికి మెడ మీద కాలినట్టు చార. సాలీడు పాకిందంటున్నారు.

సాలీడు పాకితే చర్మం కాలదు. వానాకాలంలో ట్యూబ్‌లైట్ చుట్టూ చేరే ఒక పురుగు ఉంది. పేరు పిడెరస్, సెంటీమీటరుకు లోపే పొడవు, నారింజ నలుపు పట్టీలు. చాలామంది యాసిడ్ పురుగంటారు. అది కరవదు, కుట్టదు. ఒంటి మీద వాలినప్పుడు చేత్తో నలిపేస్తే దాని ఒంట్లోని పిడెరిన్ అనే ద్రవం అంటి, ఒకటి రెండు రోజుల్లో పొక్కులు లేస్తాయి. మోచేయి మడతలో అయితే రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా పుండ్లు పడతాయి. అంటిన చేత్తో కన్ను నులుముకుంటే రెప్ప ఉబ్బుతుంది. వెంటనే సబ్బుతో కడగాలి, పురుగుని నలపకుండా ఊదేయాలి. పది, పదిహేను రోజుల్లో మచ్చ మిగిల్చి తగ్గుతుంది.

ఒంటికి ఒక పక్కనే, పట్టీలా, గుంపులు గుంపులుగా నీటి పొక్కులు, భరించలేని మంట ఉంటే అది సర్పి. మూడు రోజుల్లోపు వైరస్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ మూడు రోజుల్నీ మంత్రానికీ ఎర్రమన్ను పూతకీ ఖర్చు చేయకండి.

నిజంగానే విడో సాలీడు కరిస్తే ఎలా ఉంటుంది?

కాటు గుండుసూది గుచ్చినంతే, కొందరికి అదీ తెలియదు. పది నిమిషాల నుంచి గంటలోపు నొప్పి మొదలై, తగ్గాల్సింది పోయి పెరుగుతూ పోతుంది. కుట్టిన చోట చుట్టూ మాత్రమే చెమట పట్టడం, అక్కడి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం దీని ప్రత్యేక గుర్తు. ఇంకే పురుగు కాటులోనూ ఇంత స్పష్టంగా కనపడదు. కాలికి కరిస్తే నొప్పి గజ్జలకి, అక్కడి నుంచి పొట్టకి పాకుతుంది. పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. అపెండిక్స్ అనుకుని ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. చేతికి కరిస్తే ఛాతీకి పాకి గుండెపోటులా అనిపిస్తుంది. బీపీ పెరగడం, గుండె దడ, వాంతులు, విపరీతమైన అశాంతి, ముఖం కందిపోయి చెమటతో మెరవడం.

దీనికి కారణం ఆల్ఫా లాట్రోటాక్సిన్ అనే ప్రొటీను. అది నరాల చివర్లకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది, వాటిగుండా కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. నరం తన దగ్గరున్న సంకేత రసాయనాలన్నీ ఒక్కసారే విడిచేస్తుంది. కండరాలకు ఆగకుండా ఆజ్ఞలు అందుతాయి కాబట్టి బిగుసుకుపోతాయి, స్వేదగ్రంథులకు అందుతాయి కాబట్టి చెమట. నరం చచ్చిపోదు, చివర్లు మళ్లీ కోలుకుంటాయి. అందుకే చికిత్స లేకపోయినా చాలామందికి రెండు మూడు రోజుల్లో, కొందరికి వారంలో తగ్గిపోతుంది. మరణం చాలా అరుదు. కానీ ఆ రెండు రోజుల నొప్పి పారాసెటమాల్‌తో ఆగేది కాదు, ఆసుపత్రిలో చేరాల్సిందే.

ఎర్ర తేలు కుట్టినా చెమట, బీపీ, చల్లబడ్డ చేతులు కాళ్లు ఇలాగే ఉంటాయి. తేలు విషానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది, దానికి ప్రాజోసిన్ అనే మాత్ర ఇస్తారు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బవస్కర్ దీన్ని వాడుకలోకి తెచ్చి ఎందరో ప్రాణాలు నిలబడేలా చేశారు. ఆయాసం, నురగతో దగ్గు ఉంటే తేలు గురించి ఆలోచించమని డాక్టరుకు గుర్తుచేయడంలో తప్పు లేదు.

చర్మం కుళ్లిపోయే సాలీడు ఉందంటారు, నిజమా?

ఉంది. దాని పేరు లోక్సోసెలీస్, వాడుకలో రెక్లూజ్. అమెరికాలో ఎక్కువ, మన దేశంలో అరుదు. దాని విషంలోని స్ఫింగోమైలినేస్ డి అనే ఎంజైము చర్మానికి రక్తం అందించే సన్నటి నాళాలను మూసేస్తుంది. కరిచినప్పుడు నొప్పి ఉండదు, రెండు నుంచి ఎనిమిది గంటల్లో మొదలవుతుంది. మధ్యలో నీలం, చుట్టూ తెలుపు, దాని చుట్టూ ఎరుపు కనిపిస్తాయి. వారానికి నల్లటి పెచ్చు, మానడానికి వారాలు. కొద్దిమందికి, ముఖ్యంగా పిల్లలకు, ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి మూత్రం కోకాకోలా రంగులో వస్తుంది. అది వెంటనే అడ్మిట్ చేయాల్సిన స్థితి.

కానీ విశాఖలో ఒక పుండుకి ఈ పేరు పెట్టే ముందు చాలా కొట్టేయాలి. పుండ్లు రెండు మూడు ఉన్నాయా? సాలీడు కాదు. మధ్యలో ఎర్రగా, ఉబ్బెత్తుగా, చీముతో ఉందా? స్టాఫ్ బ్యాక్టీరియా గడ్డ. మూడు నెలలైనా మానలేదా? షుగర్, క్షయ, చర్మ క్యాన్సర్ చూడాలి. పాదం మీద పుండు ఉండి షుగర్ ఉన్న మనిషి సాలీడు కథ చెబితే, ముందు షుగర్ పరీక్ష చేయించండి.

అడవిలో టరంటులా కరిస్తే?

కాటు వేసిన క్షణమే తీవ్రమైన నొప్పి, రెండు కోరల గాట్లు, వాపు, వేడి. అసలు ఇబ్బంది తర్వాత. కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపు పిక్కల్లో, చేతుల్లో కండరాల తిమ్మిర్లు, బిగుతులు వస్తాయి. కొందరికి రోజుల తరబడి వచ్చిపోతుంటాయి. డయాజెపామ్ రకం మందులు, నొప్పి మందులు, సెలైన్‌తో నిలబెడతారు. బిగుతు ఎక్కువుంటే కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే పరీక్ష చేస్తారు. పెంపుడు జంతువులుగా అమ్మే అమెరికా ఖండపు టరంటులాలు పొట్ట మీది రోమాల్ని రాల్చి కళ్లలో పడేస్తాయి. మన అడవుల్లోవాటికి ఆ రోమాలు లేవు.

తుపాను తర్వాత పడిన చెట్లు తొలగించేటప్పుడు ఇవి బయటపడే అవకాశం ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పటిలా ఊరంతా కొమ్మలు నరికే రోజుల్లో చేతికి తోలు గ్లవ్స్, ఫుల్ చేతుల చొక్కా, బూట్లు వేసుకోండి. తొర్రలో నేరుగా చెయ్యి పెట్టకండి.

విశాఖ పోర్టు ఊరు కదా, ఓడల్లో విష సాలీళ్లు రావా?

వచ్చే అవకాశం ఉంది. బ్రౌన్ విడో ఆ దారిలోనే ఎన్నో దేశాలకు పాకింది. రెడ్‌బ్యాక్ 1995లో జపాన్‌లోని ఒసాకాలో బయటపడింది, సరుకుతో వచ్చిందే. కంటైనర్ యార్డుల్లో, గోడౌన్లలో పనిచేసేవాళ్లు ప్యాలెట్ల అడుగున, కంటైనర్ తలుపు మూలల్లో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడటం మంచి అలవాటు. బ్రౌన్ విడో గుడ్ల సంచి చుట్టూ ముళ్లలాంటి పొడుచుకొచ్చిన బుడిపెలుంటాయి, ఒకసారి చూస్తే మర్చిపోరు. మామూలు ఇంట్లో ఉండేవాళ్లకు ఇది దిగులు పెట్టుకోవాల్సిన విషయం కాదు.

సాలీడు విషానికి ఇంజెక్షన్ ఉందా?

మన దేశంలో సాలీడు యాంటీవెనమ్ తయారు కాదు. ఆసుపత్రుల్లో ఉన్నది పాము విషానికి, అదీ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికి. సాలీడు కాటుకి అది ఇస్తే ఉపయోగం లేదు, గుర్రపు రక్తం నుంచి తీసిన మందు కాబట్టి తీవ్రమైన అలర్జీ వచ్చే ప్రమాదం మాత్రం ఉంది. "ఇంజెక్షన్ వేయలేదు" అని క్యాజువాల్టీలో గొడవ పడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆస్ట్రేలియాలో రెడ్‌బ్యాక్‌కి 1956 నుంచి, ఫనెల్‌వెబ్‌కి 1981 నుంచి యాంటీవెనమ్ వాడుతున్నారు. ఫనెల్‌వెబ్ మందు నిజంగా ప్రాణదాత. రెడ్‌బ్యాక్ మందు సంగతి వేరు, 2014లో వచ్చిన పరీక్షా ఫలితాల్లో మామూలు నొప్పి మందులకు దాన్ని జోడించినా పెద్ద లాభం కనపడలేదు. మన దగ్గర లేదని మరీ చింతించనక్కర్లేదు.

ఏ ఆసుపత్రికి వెళ్లాలి? అక్కడ ఏం చేస్తారు?

నగరంలో ఉంటే 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి క్యాజువాల్టీ, హనుమంతవాక దగ్గర విమ్స్, లేదా ఐసీయూ ఉన్న ఏ ఆసుపత్రైనా. అరకు, పాడేరు వైపు ఉంటే నేరుగా ఘాట్ రోడ్డు దిగి విశాఖ వచ్చేద్దామనుకోకండి. దారిలో ఉన్న పీహెచ్‌సీలోనో ఏరియా ఆసుపత్రిలోనో ఆగండి, ఊపిరి, బీపీ చూశాక 108లో రండి. మలుపుల దారిలో ఊపిరి ఆగితే ఆటోలో ఎవరూ ఏమీ చేయలేరు.

ముందుగా ఊపిరి, నాడి, బీపీ, స్పృహ చూస్తారు. ముఖం వాపు, పిల్లికూతలు ఉంటే అలర్జీ షాక్‌కి అడ్రినలిన్ తొడ కండరంలోకి ఇస్తారు, పెద్దలకు 0.5 మిల్లీగ్రాములు. పాము అనుమానం ఉంటే 20 నిమిషాల గడ్డకట్టే పరీక్ష. కొంచెం రక్తం పొడి గాజు గొట్టంలో కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూస్తారు. ఇంకా ద్రవంగానే జారితే పింజర జాతి విషం ఎక్కినట్టు. గాజు గొట్టం కొత్తదై ఉండాలి. డిటర్జెంటుతో కడిగిందైతే మామూలు రక్తం కూడా గడ్డకట్టదు, ఫలితం తప్పు వస్తుంది. ఇవికాక రక్తకణాల లెక్క, క్రియాటినిన్, మూత్ర పరీక్ష, ఛాతీ నొప్పి ఉంటే ఈసీజీ.

విడో కాటైతే మార్ఫిన్ లేదా ఫెంటనిల్ లాంటి బలమైన నొప్పి మందు, అవసరమైతే కండరాల బిగుతుకి డయాజెపామ్. ఈ రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది కాబట్టి గమనిస్తూ ఇవ్వాలి. క్లినిక్‌లో ఇచ్చి ఇంటికి పంపేసేది కాదు. ఒకప్పుడు ఇచ్చిన కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్‌కి ఇప్పుడు చోటు లేదు.

యాంటీబయాటిక్, టీటీ, స్టెరాయిడ్ అన్నీ కావాలా?

టీటీ గత పదేళ్లలో వేయించుకోకపోతే వేయించుకోండి. గాయంలో మట్టి, పేడ పడి ఉంటే ఐదేళ్లు దాటినా వేయించుకోవాలి. యాంటీబయాటిక్ కాటుకి ఇవ్వరు, చీము పడితేనే ఇస్తారు. ఒకటి రెండు రోజుల తర్వాత ఎరుపు పెరగడం, తాకితే వేడి, చీము, జ్వరం, పైకి ఎర్రటి చార పాకడం అందుకు గుర్తులు. స్టెరాయిడ్ సూది విషాన్ని ఆపదు. పుండు నల్లబడిందని మొదటి వారంలోనే కోసి తీసేయడం కూడా తప్పు, ఎంతవరకు చచ్చిందో అప్పటికి తేలదు.

పిల్లలు, గర్భిణులు?

విషం మోతాదు అంతే, ఒళ్లు చిన్నది. కాబట్టి పసిపిల్లలకు విడో కాటు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడుస్తూ, చెమటలు పట్టే బిడ్డను బట్టలు విప్పి ఒళ్లంతా చూడండి, కుట్టిన గుర్తు డైపర్ అంచునే ఉండొచ్చు. గర్భిణులకు పొట్ట బిగుతు పురిటి నొప్పుల్లా అనిపిస్తుంది. గైనకాలజిస్టు చూడాల్సిందే. ఐదో నెల దాటాక ఐబుప్రొఫెన్ రకం మందులు వద్దు.

సాలీడును పట్టుకురావాలా?

దొరికితే మంచిదే, దాని కోసం మళ్లీ కరిపించుకోకండి. గాజు గ్లాసు బోర్లించి, కింద నుంచి గట్టి అట్ట జరిపి, మూతున్న డబ్బాలో వేయండి. నలిగినా పర్వాలేదు, కొంచెం సర్జికల్ స్పిరిట్ పోసిన సీసాలో వేస్తే గుర్తులు చెడవు. కుదరకపోతే పైనుంచి ఒకటి, పొట్ట అడుగు వైపు ఒకటి ఫొటోలు చాలు. పక్కన పెన్నో నాణెమో పెడితే సైజు తెలుస్తుంది.

ఇంట్లోకి రాకుండా ఏం చేయాలి?

బూజు కర్రతో నెలకోసారి మూలలు దులపండి, సంక్రాంతి దాకా ఆగకండి. దులిపేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. హిట్ లాంటి స్ప్రేలు సాలీడు ఒంటికి నేరుగా తగిలితేనే చస్తుంది. నేల మీద కొడితే పొడుగు కాళ్ల మీద నడిచే దానికి మందు అంతగా అంటదు. గుమ్మం లైటు రాత్రంతా వేసి ఉంచితే పురుగులు, వాటి కోసం సాలీళ్లు వస్తాయి.

విడోలకు ఇష్టమైన చోట్లు వేరు. బోర్లించిన పూలకుండీలు, ప్లాస్టిక్ కుర్చీ అడుగు, మీటరు పెట్టె, ఇటుకల దొంతర, కొబ్బరి డొక్కల గుట్ట, బయట వేలాడే హెల్మెట్. బాల్కనీలో వదిలిన బూట్లు, గ్లవ్స్ వేసుకునే ముందు రెండుసార్లు నేలకేసి కొట్టండి. నేల మీద పడుకునేవాళ్లు దోమతెర కట్టి, అంచుల్ని చాప కిందికి దోపితే దోమ, సాలీడు, కట్లపాము మూడూ ఆగుతాయి.

చిన్న ప్రశ్నలు

సాలీడు చర్మంలో గుడ్లు పెడుతుందా? పెట్టదు. అన్నంలో సాలీడు పడితే? తీసేయండి, విషం కోరల ద్వారా ఒంట్లోకి ఎక్కితేనే పనిచేస్తుంది. పిల్లికి విడో కరిస్తే? పిల్లులకు ఆ విషం మనుషుల కంటే చాలా ఎక్కువ హాని చేస్తుంది, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి. మనుషులకిచ్చే పారాసెటమాల్ మాత్రం పిల్లికి వేయకండి, చిన్న మోతాదే దాన్ని చంపేస్తుంది.